ఎముకల బలం కంచంలో ఉందా?

రాత్రివేళ నిద్రలేచి పెరట్లోకి వెళ్తూ ఇంట్లోని బామ్మ కాలుజారి పడింది. ఎత్తు మీద నుంచేమీ పడలేదు. నిలుచున్న చోటే, మామూలు నేల మీదే పడింది. అయినా తుంటి ఎముక విరిగింది. అదే ఇంట్లో పిల్లలు రోజుకు పదిసార్లు పడి లేస్తూనే ఉంటారు. మోకాలు గీరుకుపోవడం తప్ప వాళ్లకేమీ కాదు. మరి బామ్మకే ఎందుకిలా అయింది? "వయసు మీద పడింది కదా, ఎముకలు గుల్లబారిపోయాయి" అని అందరూ సరిపెట్టుకుంటారు. ఇటువంటి సంఘటన మీ బంధువుల ఇంట్లోనో, ఇరుగుపొరుగునో మీరూ చూసే ఉంటారు.

తుంటి ఎముక విరగడం చిన్న విషయం కాదు. శస్త్రచికిత్స చేయించినా చాలామంది మునుపటిలా నడవలేరు. మంచం పట్టినవారికి పుండ్లు, ఊపిరితిత్తుల జబ్బులు తోడవుతాయి. అనేక దేశాల అనుభవం ప్రకారం తుంటి విరిగిన ప్రతి ఐదుగురు వృద్ధుల్లో సుమారు ఒకరు ఏడాదిలోగా మరణిస్తున్నారు.

వయసుతో పాటు ఎముకల బలం కొంత తగ్గుతుందన్న మాట నిజమే. అయితే ఎంత తగ్గుతుంది, ఎంత త్వరగా తగ్గుతుంది అనేది వయసు ఒక్కటే నిర్ణయించదు. ఆమె పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఏం తిన్నది? అరవై దాటాక ఆమె కంచంలో ఏం వడ్డించారు? ఈ రెండు ప్రశ్నలకూ ఆమె తుంటి ఎముకకూ దగ్గర సంబంధం ఉంది. అదేమిటో తెలుసుకుందాం.

ఎముక రాయి కాదు

ఎముక అనగానే ఎండిపోయిన, ప్రాణం లేని వస్తువు గుర్తుకొస్తుంది. నిజానికి మన శరీరంలోని 206 ఎముకలూ సజీవమైనవే. ప్రతి ఎముకలోనూ రక్తనాళాలు, నరాలు, జీవకణాలు ఉంటాయి. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజ పదార్థం. కాల్షియం, భాస్వరం కలిసి ఏర్పడిన హైడ్రాక్సీఅపటైట్ అనే సూక్ష్మ స్ఫటికాలు ఇందులో ముఖ్యమైనవి. మిగిలిన దానిలో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే మాంసకృత్తు, నీరు.

ఈ రెండింటి పని ఏమిటో మీరే ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చు. శుభ్రం చేసిన కోడి కాలి ఎముకను ఒక గాజు సీసాలో వేసి, మునిగేంత వెనిగర్ పోసి మూత పెట్టండి. రెండు రోజులకొకసారి వెనిగర్ మార్చండి. వారం రోజుల తర్వాత తీసి చూస్తే ఎముక రబ్బరులా వంగుతుంది. వెనిగర్‌లోని ఆమ్లం ఖనిజాన్ని కరిగించింది, కొల్లాజెన్ మాత్రం మిగిలింది. ఇంకో ఎముకను పెద్దల సాయంతో నిప్పుల మీద బాగా కాల్చితే కొల్లాజెన్ కాలిపోయి ఖనిజం మిగులుతుంది. చల్లారాక దాన్ని చేత్తో నొక్కితే పెళుసుగా విరిగిపోతుంది. ఇంటి స్లాబులో కాంక్రీటు, ఇనుప చువ్వలు రెండూ ఎలా అవసరమో, ఎముకకు ఖనిజమూ మాంసకృత్తూ రెండూ అలాగే అవసరం. ఎముకల పోషణ అంటే ఒక్క కాల్షియం మాత్రమే కాదని ఈ ప్రయోగమే చెబుతుంది.

ఖనిజంలో కాల్షియానికి తోడుండేది భాస్వరం. రికెట్స్ వ్యాధిలో రక్తంలోని భాస్వరం తగ్గుతుంది. ఒంట్లోని భాస్వరాన్ని తేలిగ్గా, కచ్చితంగా కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రచురించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. అదృష్టవశాత్తు భాస్వరం ధాన్యాల్లోనూ పప్పుల్లోనూ సమృద్ధిగా ఉంటుంది కాబట్టి మన ఆహారంలో దానికి సాధారణంగా లోటు రాదు. లోటు వచ్చేది కాల్షియానికే.

జమ ఎంత? ఖర్చు ఎంత?

ఎముకలో పగలూ రాత్రీ మరమ్మతు జరుగుతూనే ఉంటుంది. ఆస్టియోక్లాస్టులు అనే కణాలు పాత ఎముకను తవ్వి తీసివేస్తాయి. ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు ఆ గుంటల్లో కొత్త ఎముకను నింపుతాయి. పెద్దవారిలో ఏటా పదో వంతు ఎముక ఈ విధంగా మారుతుంది. అంటే పదేళ్ల కిందటి మీ అస్థిపంజరంలో ఎక్కువ భాగం ఇప్పుడు మీ ఒంట్లో లేదన్నమాట!

ఎముకలకు ఇంకో బాధ్యత కూడా ఉంది. శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటుంది. పెద్దవారిలో ఇది సుమారు ఒక కిలో. మిగిలిన ఒక్క శాతం రక్తంలోనూ కణాల్లోనూ ఉండి గుండె కొట్టుకోవడానికి, కండరాలు ముడుచుకోవడానికి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. ప్రతి 100 మి.లీ. రక్తద్రవంలో కాల్షియం 9 నుంచి 10 మి.గ్రా. ఉండి తీరాలి. అది కాస్త తగ్గితే చాలు, మెడలో థైరాయిడ్ వెనుక ఉన్న కందిగింజంత పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోనును విడుదల చేస్తాయి. ఆ హార్మోను ఎముకలోంచి కాల్షియాన్ని రక్తంలోకి రప్పిస్తుంది.

ఇక్కడే అసలు చిక్కుంది. మీరు ఏళ్ల తరబడి తక్కువ కాల్షియం తింటున్నా రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపిస్తుంది. ఆ లోటును ఎముకలు చప్పుడు చేయకుండా భర్తీ చేస్తూ ఉంటాయి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. ఎముక విరిగిన రోజునే సంగతి బయటపడుతుంది.

ఎముకల ఖాతాలో జమ ఎక్కువగా జరిగేది బాల్యంలో, కౌమారంలో. ఇరవై ఏళ్లు నిండేసరికి ఎముకల సాంద్రత గరిష్ఠ స్థాయిలో దాదాపు 90 శాతానికి చేరుతుంది. ముప్పై ఏళ్ల ప్రాంతంలో అది పూర్తవుతుంది. నలభై దాటాక నింపే పని కంటే తవ్వే పని కాస్త ఎక్కువవుతుంది. స్త్రీలలో బహిష్టులు ఆగిపోయాక ఈ తరుగుదల వేగం పుంజుకుంటుంది. ఎముకను తవ్వే కణాలకు కళ్లెం వేసే ఈస్ట్రోజెన్ హార్మోను అప్పుడు తగ్గిపోవడమే కారణం. ఆ తర్వాతి కొన్నేళ్లపాటు ఏటా ఒకటి రెండు శాతం ఎముక తరిగిపోవచ్చు. మన దేశంలో సగటున 46 ఏళ్ల ప్రాంతంలోనే బహిష్టులు ఆగిపోతాయి. పురుషుల్లో తరుగుదల నెమ్మదిగా జరుగుతుంది, కాని డెబ్బై దాటాక వారూ ఇదే స్థితికి చేరుకుంటారు.

తరుగుదల హద్దు మీరితే దాన్ని ఆస్టియోపొరోసిస్ లేదా ఎముకలు గుల్లబారే వ్యాధి అంటారు. ఎముక సాంద్రతను కొలిచి ఈ వ్యాధిని గుర్తించే ప్రమాణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించింది. తుంటి, మణికట్టు, వెన్నుపూసలు ఎక్కువగా దెబ్బతింటాయి. పెద్దవాళ్లు పొట్టి అవుతున్నారన్నా, వీపు గూనిగా వంగుతోందన్నా వెన్నుపూసలు లోలోపలే నలుగుతున్నాయేమో అని అనుమానించాలి.

కాల్షియం ఎంత కావాలి?

భారతీయులకు ఏ పోషకం ఎంత అవసరమో భారత వైద్య పరిశోధన మండలి ఎప్పటికప్పుడు నిర్ణయిస్తుంది. పెద్దవారికి రోజుకు 400 మి.గ్రా. కాల్షియం చాలునని 1990లో అనుకున్నారు. 2010లో దాన్ని 600కు పెంచారు. మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ప్రకటించిన సిఫార్సు ప్రకారం పెద్దవారికి 1,000 మి.గ్రా. కావాలి. బహిష్టులు ఆగిపోయిన స్త్రీలకు, పాలిచ్చే తల్లులకు 1,200 మి.గ్రా. అవసరం.

ఇప్పుడు మనలో చాలామంది రోజూ తినే భోజనాన్ని లెక్క వేసి చూద్దాం. 400 గ్రాముల బియ్యంతో వండిన అన్నంలో 40 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. 50 గ్రాముల కందిపప్పులో 35 ఉంటుంది. రెండుసార్లు టీలోకి పోసిన పాలు 100 మి.లీ. అనుకుంటే 120, ఒక గ్లాసు పలుచని మజ్జిగలో 60, ఏదో ఒక కూరలో 30. చారులోనూ పచ్చడిలోనూ లెక్కించదగినంత ఉండదు. మొత్తం కలిపినా 300 దాటదు. కడుపు నిండింది, ఎముకకు మాత్రం మూడో వంతు కూడా అందలేదు.

మరి కాల్షియం దేనిలో ఎక్కువ? 100 గ్రాముల పదార్థంలో సుమారుగా ఎన్ని మిల్లీగ్రాములు ఉంటుందో కింద చూడండి.

పొట్టు తీయని నువ్వులు – 1,300
అవిశాకు – 900 పైగా
కరివేపాకు – 650 పైగా
రాగులు (చోళ్లు) – 350
తోటకూర – 330 పైగా
మునగాకు – 300 పైగా
ఉలవలు – 270
పెరుగు – 150
ఆవు పాలు – 120
జొన్నలు – 25
బియ్యం – 10

బియ్యంలో కంటే రాగుల్లో కాల్షియం ముప్పై అయిదు రెట్లు ఎక్కువ. రాగి సంకటి, అంబలి తిన్న తరాల నుంచి మూడు పూటలా తెల్లన్నం తినే స్థితికి వచ్చాక మన ఎముకలు ఏం పోగొట్టుకున్నాయో ఈ ఒక్క అంకె చెబుతుంది. మాంసాహారులకు ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్లవంటి చిన్న చేపలు కూడా మంచి ఆధారమే.

తిన్నదంతా ఒంటబట్టదు

పై పట్టిక చూసి నువ్వులుండగా పాలతో పనేముంది అనుకోకండి. ఆహారంలో ఉన్న కాల్షియం వేరు, పేగుల్లోంచి రక్తంలోకి చేరే కాల్షియం వేరు. పాలలోని కాల్షియంలో 30 శాతం దాకా ఒంటబడుతుంది. పాలకూరలోని దానిలో 5 శాతమే ఒంటబడుతుందని పరిశోధనల్లో తేలింది. పాలకూరలోని ఆక్సలేటు కాల్షియాన్ని గట్టిగా పట్టుకుని వదలకపోవడమే దీనికి కారణం. నువ్వుల్లో కాల్షియం ఎక్కువగా పొట్టులో ఉంటుంది, అదీ చాలావరకు ఆక్సలేటు రూపంలోనే. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో అసలు కాల్షియమే బాగా తగ్గిపోతుంది. తోటకూరలోనూ ఆక్సలేటు ఎక్కువే. మునగాకు, మెంతికూర, క్యాబేజీ ఈ విషయంలో మెరుగు.

ధాన్యాల్లో, పప్పుల్లో ఫైటేటు అనే ఇంకో పదార్థం కాల్షియానికి అడ్డుపడుతుంది. దీనికి విరుగుడు మన వంటింట్లోనే ఉంది. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి పిండి పట్టిస్తే ఫైటేటు తగ్గుతుంది. పిండిని రాత్రంతా పులియబెట్టి కాచిన అంబలిలోనూ అంతే. పసిపిల్లలకు మొలకెత్తిన రాగులతో జావ కాచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆ జావ ఇంటి పెద్దలకూ అంతే మేలు చేస్తుంది.

కాల్షియాన్ని ఒకే పూట ఎక్కువగా తీసుకోవడం కంటే మూడు నాలుగు పూటలకు పంచుకుంటే బాగా ఒంటబడుతుంది. ఉదయం రాగిజావ, మధ్యాహ్నం పెరుగు, రాత్రి ఒక గ్లాసు పాలు అన్న పద్ధతి మంచిది. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారిలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి.

ఎండ ఉంది, విటమిన్ లేదు!

కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి చేరాలంటే విటమిన్-డి కావాలి. అది లేకపోతే తిన్న కాల్షియంలో 10-15 శాతానికి మించి ఒంటబట్టదు. ఈ విటమిన్ ఆహారంలో దొరికేది చాలా తక్కువ. కవళ్లవంటి కొవ్వు చేపల్లో, చేప కాలేయపు నూనెలో, గుడ్డు పచ్చసొనలో కొంత ఉంటుంది. ముఖ్యంగా దీన్ని మన చర్మమే తయారు చేసుకోవాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు చర్మంలోని ఒక కొవ్వు పదార్థం విటమిన్-డిగా మారుతుంది. అది మొదట కాలేయంలో, తర్వాత మూత్రపిండాల్లో మార్పు చెంది పని చేసే రూపం పొందుతుంది.

నూరేళ్ల కిందట మన దేశంలోనే జరిగిన ఒక పరిశీలన ఈ విషయాన్ని చక్కగా చూపింది. నాసిక్ ప్రాంతంలో రికెట్స్ వ్యాధిపై హచిసన్, షా అనే పరిశోధకులు 1922లో తమ పరిశీలనలు ప్రచురించారు. ఘోషా పాటించే కలిగిన కుటుంబాల్లో, ఇల్లు కదలకుండా పెరిగే పిల్లల్లో రికెట్స్ కనిపించింది. అంతకంటే నాసిరకం తిండి తింటున్నా రోజంతా ఎండలో తిరిగే పేదల పిల్లల్లో అది కనిపించలేదు.

మరి ఏడాదిలో అధికభాగం ఎండ కాసే మన ప్రాంతంలో విటమిన్-డికి లోటుండకూడదు కదా? తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు చుట్టుపక్కల పల్లెల్లో, పట్నంలో ఆరోగ్యవంతులను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. పొలాల్లో పనిచేసే పల్లెవాసుల రక్తంలో విటమిన్-డి పట్నవాసుల కంటే ఎక్కువగా ఉంది. అయినా రెండు చోట్లా చాలామందిలో అది చాలినంత లేదు. ఇద్దరి ఆహారంలోనూ కాల్షియం తక్కువ, ఫైటేటు ఎక్కువ. కాల్షియం తక్కువ తింటే ఉన్న విటమిన్-డి కూడా త్వరగా ఖర్చయిపోతుంది. ఎండ ఒక్కటే ఉన్నా చాలదు, తిండి ఒక్కటే ఉన్నా చాలదు.

ఉదయపు లేత ఎండలో విటమిన్-డి దొరుకుతుందని మనలో ఒక నమ్మకం ఉంది. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు వాతావరణంలోనే చాలావరకు ఆగిపోతాయి. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్న వేళలోనే చర్మంలో విటమిన్-డి బాగా తయారవుతుంది. తిరుపతిలో జరిపిన పరిశీలనల ప్రకారం ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు ఇందుకు అనువైన సమయం. కిటికీ అద్దంలోంచి పడే ఎండ పనికిరాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. నల్లని చర్మానికి ఎక్కువ సేపు ఎండ కావాలి. వయసు మళ్లిన చర్మం అదే ఎండలో తయారుచేసే విటమిన్ పడుచు వయసుతో పోలిస్తే సగానికి పైగా తగ్గిపోతుంది.

అలాగని ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్లను మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చోబెట్టకండి. వడదెబ్బ తగిలితే మొదటికే మోసం వస్తుంది. చలికాలంలో చేతులకు, కాళ్లకు, ముఖానికి ఎండ తగిలేలా వారంలో కొన్ని రోజులు కాసేపు కూర్చోవడం మంచిది. ఇల్లు కదల్లేని వృద్ధులకు మాత్రం డాక్టరు సలహాతో విటమిన్-డి మాత్రలు అవసరం కావచ్చు. విటమిన్-ఎ, డి కలిపిన పాలు, నూనెల ప్యాకెట్ల మీద 'ప్లస్ ఎఫ్' గుర్తు ఉంటుంది. కొనేటప్పుడు గమనించండి.

పప్పు, గుడ్డు, ఆకుకూర

స్లాబులో ఇనుప చువ్వల సంగతి గుర్తుందిగా? ఎముకలో ఆ పని చేసే కొల్లాజెన్ తయారీకి మాంసకృత్తులు కావాలి, విటమిన్-సి కావాలి. మాంసకృత్తులు ఎక్కువ తింటే ఎముకల్లోని కాల్షియం మూత్రంలో పోతుందని ఒకప్పుడు భయపడేవారు. కాల్షియం చాలినంత తింటూ ఉంటే మాంసకృత్తుల వల్ల ఎముకకు మేలే జరుగుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పైగా కండరాలు బలంగా ఉంటే కాలు తడబడదు. పడనివారికి ఎముక విరిగే ప్రమాదమే తక్కువ.

మన ఇళ్లలో పెద్దవాళ్లు క్రమంగా మెత్తని అన్నం, చారు, మజ్జిగలకు అలవాటు పడతారు. పళ్లు ఊడిపోవడం, అరుగుదల తగ్గడం, ఒంటరిగా తినవలసి రావడం ఇందుకు కారణాలు. దాంతో మాంసకృత్తులు సగానికి సగం తగ్గిపోతాయి. వృద్ధులకు ప్రతి కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము తగ్గకుండా మాంసకృత్తులు అందాలని నిపుణులు అంటున్నారు. యాభై కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. రోజుకు రెండుసార్లు గట్టి పప్పు, ఒక గుడ్డు, పాలు, పెరుగు, అప్పుడప్పుడు మెత్తగా ఉడికించిన చేప లేక మాంసం ఉంటే ఇది కష్టమేమీ కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

ఆకుకూరల్లోని విటమిన్-కె ఎముకలోని ఒక ముఖ్యమైన మాంసకృత్తు పని చేయడానికి తోడ్పడుతుంది. నిమ్మ, జామ, ఉసిరి విటమిన్-సిని అందిస్తాయి. పప్పులు, చిరుధాన్యాలు మెగ్నీషియాన్ని అందిస్తాయి. రోజూ రకరకాలుగా తినేవారు వీటిని వేరుగా వెతుక్కోనక్కరలేదు.

ఖాతాను కరిగించేవి

ఊరగాయ, అప్పడం, ఉప్పుచేప లేనిదే మనలో కొందరికి ముద్ద దిగదు. ఆరు గ్రాముల ఉప్పు తింటే దానితో పాటు సుమారు 40 మి.గ్రా. కాల్షియం మూత్రంలో పోతుందని అంచనా. కాల్షియం తక్కువ తినేవారికి ఇది చిన్న నష్టం కాదు. చుట్ట, బీడీ, సిగరెట్టు, సారాయి ఎముకకు నేరుగా హాని చేస్తాయి. టీ, కాఫీలు మితంగా తాగితే భయపడనక్కరలేదు. అయితే పాలకు బదులు టీ అయితేనే నష్టం.

తాంబూలంలో సున్నం తింటున్నాం కదా, కాల్షియం అందినట్టేనని కొందరు సమర్థించుకుంటారు. వక్క నోటి క్యాన్సరుకు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. ఎముక కోసం నోటిని పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

తిండికి తోడు పని ఉండాలి. బరువు మోసే ఎముకే బలపడుతుంది. బరువు తెలియని అంతరిక్షంలో ఉన్న వ్యోమగాములు నెలకు ఒక శాతానికి పైగా తుంటి ఎముక సాంద్రతను కోల్పోతారు. నేల మీద ఉన్నా మంచానికి అతుక్కుపోయినవారి పరిస్థితి దాదాపు అంతే. నడక, మెట్లెక్కడం, తేలికపాటి బరువులు ఎత్తడం ఏ వయసులోనైనా మంచివే.

బలానికి సంబంధించిన మరో ముఖ్య విషయం మంచినీరు. దర్శి, పొదిలి ప్రాంతాల్లో నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను వికృతం చేస్తున్నట్టు 1937లోనే వెల్లడైంది. నల్లగొండ జిల్లా ఇదే సమస్యతో దశాబ్దాలు బాధపడింది. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముక దళసరి అవుతుంది, కాని పెళుసుబారుతుంది. ఆహారంలో కాల్షియం లోపిస్తే ఈ హాని ఇంకా ఎక్కువ. అటువంటి ఊళ్లలో ముందు సురక్షితమైన నీరు, దానితో పాటు మంచి తిండి కావాలి.

ఇప్పుడు తిని లాభమేమిటి?

"కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని, నాకెందుకురా పాలు? పిల్లలకు పొయ్యండి" అని ఎందరో పెద్దవాళ్లు అంటారు. ఇంట్లో వాళ్లూ ఆ మాటను పట్టించుకుని ఊరుకుంటారు. ఈ మాట ఎంతవరకు సబబు?

ఫ్రాన్సులో వృద్ధాశ్రమాల్లో ఉంటున్న 3,270 మంది స్త్రీలపై జరిపిన ఒక ప్రయోగ ఫలితాలు 1992లో వెలువడ్డాయి. వారి సగటు వయసు 84 ఏళ్లు! సగం మందికి రోజూ 1,200 మి.గ్రా. కాల్షియం, 800 యూనిట్ల విటమిన్-డి ఇచ్చారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, చివరిదాకా ప్రయోగంలో కొనసాగిన వారిలో తుంటి విరిగిన సంఘటనలు రెండో గుంపుతో పోలిస్తే 43 శాతం తక్కువగా ఉన్నాయి.

ఇంకా ఆసక్తికరమైనది ఆస్ట్రేలియాలో జరిగింది. 60 వృద్ధాశ్రమాల్లో ఏడు వేల మందికి పైగా వృద్ధులు ఇందులో పాల్గొన్నారు. వారికి విటమిన్-డి లోటు లేదు, తిండిలో కాల్షియం, మాంసకృత్తులే తక్కువ. సగం ఆశ్రమాల్లో పాలు, పెరుగు, జున్ను మామూలు కంటే ఎక్కువగా వడ్డించారు. అక్కడ రోజుకు అందే కాల్షియం సుమారు 1,140 మి.గ్రా.కు పెరిగింది, మిగతా ఆశ్రమాల్లో 700 దగ్గరే ఉంది. రెండేళ్లలో ఎముకలు విరగడం మూడో వంతు తగ్గింది. తుంటి విరగడం 46 శాతం తగ్గింది. కాలుజారి పడటం కూడా 11 శాతం తగ్గింది. ఈ ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. అక్కడ మందు ఏమీ ఇవ్వలేదు. కంచంలో తిండి మార్చారు, అంతే.

అలాగని అందరూ మాత్రలు మింగాలని దీని అర్థం కాదు. అమెరికాలో 25 వేల మందికి పైగా ఆరోగ్యవంతుల్లో సగం మందికి ఐదేళ్లపాటు విటమిన్-డి మాత్రలు మాత్రమే ఇచ్చి చూస్తే ఎముకలు విరగడం తగ్గలేదని 2022లో తేలింది. లోటు ఉన్నవారికే భర్తీ వల్ల మేలు. అవసరం లేకుండా కాల్షియం మాత్రలు వాడితే మూత్రపిండాల్లో రాళ్లు పెరగవచ్చు. విటమిన్-డి మోతాదు మించితే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇరుగుపొరుగు చెప్పారని ఇంజెక్షన్లు వేయించుకోకండి. ఇప్పటికే ఎముక విరిగినవారికి, సాంద్రత బాగా తగ్గినవారికి తిండితో పాటు మందులు కూడా అవసరం. అది డాక్టరు చూసుకోవలసిన విషయం.

రెండు కంచాలు

కాల్షియానికి పెద్ద ఖర్చు పెట్టనక్కరలేదు. 60 గ్రాముల రాగిపిండితో జావ లేదా సంకటి (210 మి.గ్రా.), ఒక గ్లాసు పాలు (300), ఒక గిన్నెడు గట్టి పెరుగు (200), పప్పులో గుప్పెడు మునగాకు (150), మిగతా పప్పు, కూర, గుడ్డు కలిపి మరో 100. లెక్క వెయ్యికి దగ్గరవుతుంది. ఉలవచారు, కరివేపాకు పొడి, నువ్వులుండ ఉంటే ఇంకా మంచిది. పాలకు స్తోమత లేని ఇంట్లో రాగులు, మునగాకు, చిన్న చేపలు కొంత లోటు తీరుస్తాయి.

చాలా ఇళ్లలో పాలు, గుడ్లు మొదట మగపిల్లలకు, తర్వాత సంపాదించే మగవారికి చేరతాయి. ఎముకల లెక్క ప్రకారం చూస్తే ఆ ఇంట్లో ఎక్కువ అవసరం ఉన్నవారు మరో ఇద్దరు. ఒకరు ఖాతాలో జమ చేసుకునే వయసులో ఉన్న పన్నెండేళ్ల ఆడపిల్ల. మరొకరు ఖాతాలోంచి ఖర్చు మాత్రమే జరుగుతున్న బామ్మ. ఇద్దరూ సాధారణంగా చివరి పంక్తిలో కూర్చుంటారు. మిగిలింది తింటారు.

ఈ రాత్రి మీ ఇంట్లో భోజనాలయ్యేటప్పుడు ఒక్కసారి ఆ రెండు కంచాల వైపు చూడండి. బామ్మ వద్దన్నా సరే, ఒక గిన్నెడు పెరుగు ఆమె ముందు పెట్టండి. పక్కనే కూర్చున్న మనవరాలికీ అంతే వడ్డించండి. ఒకరి తుంటి ఈ ఏడాది విరగకుండా, ఇంకొకరి తుంటి యాభై ఏళ్ల తర్వాత విరగకుండా చేసే అవకాశం మీ చేతిలోని ఆ గరిటెకే ఉంది.